ఎగువకు వెళ్ళిన దిగువవాళ్ళు

కాలువకు ఉన్నట్టే నదికి కూడా తలా, శివారూ ఉంటాయి. ఆ లెక్కన కృష్ణా డెల్టా అంతా నదికి శివారు ఆయకట్టు. మహాబలేశ్వరం కొండల్లో పుట్టి 1400 కిలోమీటర్లు నడిచి, దారిలో ఎవరి వాటా వాళ్ళు తీసుకోగా మిగిలిన నీళ్ళే ప్రకాశం బ్యారేజీ దాకా వస్తాయి. అక్కణ్ణుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ, అవతలి ఒడ్డున కొమ్మమూరు కాలువ పట్టుకుని సముద్రం అంచు దాకా పోవాలి. అందుకే మా ప్రాంతంలో జూన్ వచ్చిందంటే రైతు ఆకాశంకేసి చూడక ముందే పేపరు తిరగేస్తాడు. ఆలమట్టిలో ఎంత ఉంది, తుంగభద్రకు ఎంత వరద వస్తోంది, శ్రీశైలం ఎప్పటికి నిండుతుంది. "పైవాళ్ళు వదిలితేగా మనకి!" అన్న మాట వింటూ పెరిగాను. ఆ పైవాళ్ళలో మా మేనత్త కూడా ఒకరు.

పెళ్ళయిన కొత్తల్లో ఆమె మామయ్య వెంట ఉయ్యూరు దగ్గర పల్లె నుంచి రాయచూరు జిల్లా సింధనూరు పక్కన ఒక క్యాంపుకు కాపురానికి వెళ్ళింది. బెజవాడలో మీటర్ గేజి రైలెక్కితే గుంటూరు, నంద్యాల, గుంతకల్లు, బళ్ళారి మీదుగా హోస్పేట. అక్కణ్ణుంచి లారీనో ఎడ్లబండో దొరికినదాన్ని బట్టి. ట్రంకుపెట్టె, రోకలి, ఆవకాయ జాడీలు, విత్తనాల మూటలు. ఆ ప్రయాణం గురించి చెప్పమంటే ఆమె ఊరు గురించి కాదు, మట్టి గురించి మొదలుపెట్టేది. "మనూళ్ళో మట్టి చేతికి అంటుకుంటే కడిగితే పోతుందిరా అబ్బాయ్. అక్కడి రేగడి అంటుకుంటే గీకాల్సిందే."

అలాంటి కుటుంబాలు వేలల్లో వెళ్ళాయి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి తుంగభద్ర ఎడమ కాలువ కిందికి, అంటే గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి ప్రాంతాలకు వెళ్ళి స్థిరపడ్డ ఈ తెలుగు రైతు కుటుంబాల చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో లేదు. అమెరికా వెళ్ళిన మన ఇంజనీర్ల గురించి ఎంతో రాసుకున్నాం. నాగలి పట్టుకుని పక్క భాషలోకి నడిచివెళ్ళిన వీళ్ళ గురించి అందులో పదోవంతు కూడా రాసుకోలేదు. ఇది నన్ను చాలాకాలంగా బాధపెడుతున్న విషయం.

వాళ్ళు ఎందుకు వెళ్ళారో తెలియాలంటే ముందు డెల్టా డెల్టా ఎలా అయిందో చూడాలి. 1832-33 నాటి డొక్కల కరువులో గుంటూరు సీమ ఎముకల గూడైంది. అప్పటికి కృష్ణ ఇక్కడ పారుతూనే ఉంది. పొలాల్లోకి నీళ్ళు ఎక్కే దారే లేదు. 1852లో మొదలుపెట్టి 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తిచేశారు. ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. అప్పటి నుంచి ఇక్కడి రైతు ఒక కొత్త విద్య నేర్చుకున్నాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, బోదె ఎంత లోతు తీయాలి, మెరకను ఎలా దించాలి, పల్లంలో నిలిచిన నీటిని మురుగు కాలువలోకి ఎలా తోలాలి, లష్కరుతో ఎలా మాట్లాడాలి. ఒక తరం చేతిలోంచి ఇంకో తరం చేతిలోకి దిగిన ఈ నేర్పుకి తుంగభద్ర నీళ్ళు వదిలేనాటికి దాదాపు వందేళ్ళ వయసు.

ఆ వందేళ్ళలోనే పొలాలు ముక్కలయ్యాయి. నలుగురు కొడుకులకు పంచి, ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద కొంత రాసిచ్చాక, ఒక్కొక్కరికి మిగిలింది ఎకరాల్లో చెప్పుకోలేని కమతం. ధర మాత్రం ఆకాశంలో. ఇక్కడ ఎకరం అమ్మితే వచ్చే డబ్బుతో నీళ్ళు రాబోతున్న మెట్ట ప్రాంతంలో ఎన్నో ఎకరాలు వస్తాయన్న కబురు తెలిశాక ఎవరైనా లెక్క వేయకుండా ఉంటారా? మొదట ఈ లెక్క వేసినవాళ్ళు నైజాం వైపు వెళ్ళారు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కింద బోధన్, వర్ని, రుద్రూరు వైపు స్థిరపడ్డారు. అక్కడ యాస వేరైనా భాష మనదే. ఆ తర్వాత హీరాకుడ్ కింద ఒడిశాలోని బర్‌గఢ్ వైపు కొందరు పోయారు. అన్నిటికంటే పెద్ద అల తుంగభద్ర వైపు లేచింది.

తుంగభద్ర ఆనకట్టకు 1945 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. నదికి ఒక గట్టు మద్రాసు ప్రభుత్వానిది, రెండో గట్టు నిజాముది. 1953లో కాలువలకు నీళ్ళొచ్చాయి. ఇక్కడ ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 1952లో మన బెజవాడ పాత ఆనకట్టకు గండి పడింది. దాని స్థానంలో 1954లో మొదలైన ప్రకాశం బ్యారేజీ 1957కు గానీ పూర్తికాలేదు. ఇక్కడ నీటి మీద దిగులు పుట్టిన ఏళ్ళలోనే అక్కడ నీళ్ళు మొదలయ్యాయన్నమాట. ఎడమ కాలువ 227 కిలోమీటర్లు. దాని కింద 6 లక్షల ఎకరాల దాకా ఆయకట్టు. రాయచూరు జిల్లా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, ఆ ఏడు నవంబరులో మైసూరు రాష్ట్రంలో కలిసింది. అలా కొందరు ఒక రాష్ట్రంలో భూమి కొని, కదలకుండానే ఇంకో రాష్ట్రంవాళ్ళయ్యారు.

ఇంతకీ ఆ నేల ఎలాంటిది? కృష్ణకూ తుంగభద్రకూ మధ్య ఉన్న రాయచూరు అంతర్వేది అది. బహమనీలూ విజయనగర రాజులూ తరాల తరబడి కొట్టుకున్న నేల. నల్లరేగడి. జొన్న, పత్తి, వేరుశనగ వానాధారంగా పండే చోటు. గంగావతి, ఆనెగొంది దగ్గర విజయనగర కాలం నాటి కాలువల కింద కొంత మాగాణి ఉన్నా, సింధనూరు వైపు వరి అంటే కొత్త. ఎండితే మనిషి కాలు దూరేంత నెర్రెలు. తడిస్తే ఎద్దు దిగబడేంత బురద. అలాంటి నేలను గడ్డపారలతో, ఎడ్లతో, ఆ తర్వాత బుల్‌డోజర్లతో చదును చేసి, మళ్ళు కట్టి, దమ్ము చేసి నాట్లు వేశారు. పొలం మధ్యనే పాకలు వేసుకున్నారు. ఆ పాకల గుంపులే క్యాంపులయ్యాయి. తర్వాత శ్రీరామనగర్, గాంధీనగర్ లాంటి పేర్లతో ఊళ్ళయ్యాయి.

మామయ్య మాటల్లో ఆ కాలమంతా దమ్ము, విత్తనం, ధాన్యం రేటు. అత్త మాటల్లో వేరే కాలం వినపడేది. చీకటి పడితే పాములు. మంచినీళ్ళంటే కాలువ నీళ్ళే. కాన్పంటే ఎడ్లబండి మీద సింధనూరు దాకా పోవాలి. పక్క ఊరి కన్నడ ముసలమ్మ ఒకావిడ జొన్నరొట్టె చేయడం నేర్పిందట, అత్త ఆవిడకు గోంగూర పచ్చడి నేర్పిందట. ఒకరి మాట ఒకరికి రాకముందే ఆ ఇద్దరి మధ్యా ఇచ్చిపుచ్చుకోవడం మొదలైంది. "ఆవిడే లేకపోతే నేను మొదటి ఏడే రైలెక్కేదాన్ని" అనేది. తొలి రైతుల కథలు చెప్పేటప్పుడు నాగళ్ళే కనిపిస్తాయి. ఆ పాకల్లో పొయ్యి ఆరకుండా చూసిన ఆడవాళ్ళు కథలో చోటుకోసం ఇంకా నిలబడే ఉన్నారు. వాళ్ళకంటే వెనక నిలబడినవాళ్ళు ఆసాముల వెంట వెళ్ళిన పాలేర్లు, కూలీల కుటుంబాలు. గట్లు వేసిన చేతులు వాళ్ళవి. దస్తావేజుల మీద వాళ్ళ పేర్లు లేవు.

ప్రపంచంలో ఇంకోచోట ఇలాంటి కథే చదివినప్పుడు నాకు మన క్యాంపులే కళ్ళముందు కదిలాయి. కెనడా పశ్చిమ మైదానాల్లో 1872 నాటి భూచట్టం ప్రకారం 10 డాలర్ల రుసుము కట్టి, ఇల్లు కట్టుకుని సాగుచేస్తే 160 ఎకరాలు ఇచ్చేవారు. ఆ పిలుపు విని ఇంగ్లీషు వాళ్ళతో పాటు ఫ్రెంచి మాట్లాడేవాళ్ళు కూడా వెళ్ళారు. 1905లో ఆర్మాన్ ట్రోషు అనే ఫ్రెంచి దొర, మరికొందరు అశ్వికదళ అధికారులతో కలిసి అల్బర్టాలో సెయింట్ ఆన్ అనే పశువుల రాంచ్ పెట్టాడు. గడ్డి మైదానం మధ్య చిన్న ఫ్రెంచి పల్లె లేచింది. ఆయన పేరుమీదే ఆ ఊరు నేటికీ ట్రోషు. 1914లో యుద్ధం మొదలవగానే వాళ్ళలో చాలామంది ఫ్రాన్స్ తరఫున పోరాడటానికి వెనక్కి వెళ్ళిపోయారు. కొందరు ఇక తిరిగిరాలేదు.

మన క్యాంపువాళ్ళకు అలా వెనక్కి వెళ్ళే దారి లేదు. డెల్టాలో ఎకరం అమ్మాకే అక్కడ కొన్నారు. ఒక పంట పోయినా, రెండో పంట పోయినా అక్కడే నిలబడాల్సిందే. ఆ మొండితనం నాకు గొప్పగా కనిపిస్తుంది. అదే సమయంలో కెనడా కథలో ఇంకో పొర ఉంది, అది మన కథకూ అద్దం పడుతుంది. ట్రోషు దొర వెళ్ళేసరికి ఆ మైదానం ఖాళీ కాదు. బ్లాక్‌ఫుట్, క్రీ జాతులవాళ్ళు అక్కడివాళ్ళు. అంతే కాదు, ఆ పడమటి నేల మీద అంతకుముందే ఫ్రెంచి మాట్లాడినవాళ్ళున్నారు. ఫ్రెంచి తండ్రులకూ ఆదివాసీ తల్లులకూ పుట్టిన మెటీలు. తమ భూముల కోసం 1885లో వాళ్ళు తిరగబడితే అణచివేసి, నాయకుడు లూయీ రియెల్‌ను అదే ఏడు నవంబరు 16న రెజైనాలో ఉరితీశారు. ఆ తర్వాతే కొత్తవాళ్ళకు మైదానం తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

తుంగభద్ర కింద తుపాకులు పేలలేదు. భూమి కొనుక్కున్నారు, రిజిస్ట్రేషన్ చేసుకున్నారు. అయినా అమ్మినవాడు ఒకడున్నాడు కదా! నీళ్ళొస్తే తన భూమి ఏమవుతుందో తెలియక, చదును చేయించడానికి పెట్టుబడి లేక, అప్పు తీర్చడానికి తక్కువకు అమ్ముకున్న కన్నడ రైతు. పదేళ్ళు తిరిగేసరికి అదే పొలంలో బస్తాలకు బస్తాలు వడ్లు దిగుతుంటే గట్టు మీద నిలబడి చూసినవాడు. కొందరు ఆ పొలాల్లోనే కూలికి వచ్చారు. కొందరు వరి నేర్చుకుని, ఉన్న కాస్త పొలంలో వేసి నిలదొక్కుకున్నారు. మనవాళ్ళు నేర్పారన్నది నిజం. మనవాళ్ళు కారుచౌకగా కొన్నారన్నదీ నిజం. మొదటిది చెప్పేటప్పుడు రెండోది మింగేస్తే ఆ చరిత్ర సగమే.

నీటి విషయం ఇంకా లోతైనది. ఎడమ కాలువను కట్టిన ఇంజనీర్లు దాన్ని వరి కాలువగా తలచలేదు. కరువు ప్రాంతం కాబట్టి కొంచెం నీళ్ళను ఎక్కువ ఎకరాలకు పంచాలని వాళ్ళ ఉద్దేశం. జొన్నకు, పత్తికి, వేరుశనగకు ఆరుతడులు, కొద్ది భాగంలోనే వరి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో కాగితం మీద రాసిపెట్టారు. డెల్టా నుంచి వెళ్ళినవాళ్ళు కాలువ తల దగ్గర పొలాలు కొని, తమకు తెలిసిన విద్య ప్రకారం వరి వేశారు. రెండో పంటకూ నీళ్ళు పెట్టారు. నీళ్ళు అక్కడే ఇంకిపోయి, మాన్వి, రాయచూరు వైపు శివారు పొలాలకు కాలువ ఎండిపోయింది. నెదర్లాండ్స్ పరిశోధకుడు పీటర్ మోలింగా 1990లలో ఈ కాలువ మీద ఒక పెద్ద గ్రంథమే రాశారు. తూముల దగ్గర తగాదాలు, అధికారుల మీద ఒత్తిళ్ళు, తలకూ శివారుకూ మధ్య రాజకీయం, అన్నీ అందులో ఉన్నాయి. అది చదువుతున్నంతసేపూ నాకు దివిసీమ శివారు రైతులే గుర్తొచ్చారు. నాగాయలంక మనిషి అనే మాటే మాన్వి మనిషి అంటున్నాడు, కన్నడంలో.

నా మనసులో పాతుకుపోయిన ఆలోచన ఇది. ఏ నదికి శివారులో పుట్టి, పైవాళ్ళు వదిలితేగా అని నిట్టూర్చినవాళ్ళు, అదే నదికి ఎగువకు వెళ్ళి పైవాళ్ళయ్యారు. తుంగభద్ర శ్రీశైలానికి పైనే కృష్ణలో కలుస్తుంది. సింధనూరు మడిలో ఇంకిన నీళ్ళు కలవకపోతే దిగువకు అంత తక్కువే. బచావత్ ట్రైబ్యునల్ 1970లలో నదీజలాలు పంచినప్పుడు మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, అప్పటి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు అన్నది. ఆ 800లో కృష్ణా డెల్టాకు 181.2. మా అత్త పొలం నీళ్ళు కర్ణాటక 700లో ఉన్నాయి. ఆమె తమ్ముడి, అంటే మా నాన్న పొలం నీళ్ళు ఈ 181లో ఉన్నాయి. కోర్టు కాగితాల్లో అక్కా తమ్ముళ్ళు ఎదురెదురు పక్షాలు. సంక్రాంతికి వచ్చినప్పుడు మాత్రం మాటలు ఇలా ఉండేవి.

"ఏరా తమ్ముడూ, కాలువ వదిలారా?"

"ఎక్కడక్కా! మీరంతా తాగేస్తుంటే."

"మేమేం తాగాం? డ్యాంలో సగం మట్టే ఉంది."

సగం అనడం అత్త అతిశయోక్తి గానీ, పూడిక సంగతి నిజమే. 133 టీఎంసీల దాకా పట్టేలా కట్టిన తుంగభద్ర జలాశయం ఇప్పుడు దాదాపు 105 టీఎంసీలే పడుతోంది. ఇటు డెల్టాకు 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు వస్తున్నాయి. ఇబ్రహీంపట్నం దగ్గర అవి కృష్ణలో కలిసి మా కాలువల్లో పారుతున్నాయి. పైవాళ్ళు వదలకపోతే పక్క నదిని తెచ్చుకునే కాలం ఇది. అక్కడి క్యాంపులకు అలా తెచ్చుకునే వీలు లేదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. నిండిన జలాశయం నుంచి నీళ్ళు కిందికి దూకుతుంటే ఎడమ కాలువ కింద ప్రతి ఊళ్ళో అదే మాట. పంట దక్కుతుందా? చిత్తూరు జిల్లా మనిషి, గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పెద్ద వయసులోనూ వచ్చి పారే నీళ్ళకు అడ్డంగా స్టాప్‌లాగ్‌లు దింపించాడు. వారం రోజుల్లో నీళ్ళు ఆగాయి. ఆ రోజుల్లో మా బావతో రోజూ ఫోనులో మాట్లాడాను. క్యాంపు వాళ్ళూ, పక్కూరి కన్నడ రైతులూ ఒకే అరుగు మీద కూర్చుని ఒకే టీవీ చూశారని చెప్పాడు. దుఃఖం ఒక్కటైనప్పుడు స్థానికుడెవరు, వలసొచ్చినవాడెవరు అని ఎవరూ అడగలేదట. మిగతా రోజుల్లోనూ అలాగే ఉందని అనను. పంచాయతీ ఎన్నికలొస్తే ఆ లెక్కలు వస్తాయి.

నేల మాత్రం ఈ తేడాలేవీ చూడకుండా అందరికీ ఒకే బిల్లు పంపింది. రేగడిలో ఏడాది పొడుగునా నీళ్ళు నిలిపితే ఉప్పు పైకొస్తుంది. తుంగభద్ర ఆయకట్టులో చాలా పొలాలు చౌడుబారాయి. గంగావతి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏళ్ళ తరబడి పనిచేస్తున్నది ముఖ్యంగా ఈ జబ్బు మీదే. భూమి లోపల గొట్టాలు వేసి మురుగు తీసే పద్ధతులు పరీక్షిస్తున్నారు. డెల్టాలో నేర్చుకున్న విద్యలో మురుగు తీయడం కూడా ఉంది. కానీ తొలిరోజుల్లో బోదెలు తవ్వినంత శ్రద్ధగా మురుగు కాలువలు తవ్వలేదు. తవ్వి ఉంటే బాగుండేది.

అయినా ఆ నేల ఇచ్చింది తక్కువ కాదు. గంగావతి, కారటగి, సింధనూరు రైసుమిల్లులతో కళకళలాడతాయి. కన్నడ దేశానికి అన్నపు గిన్నె అని గంగావతికి పేరు. బాపట్ల పరిశోధకులు తయారుచేసి 1986లో విడుదల చేసిన సాంబ మసూరి, దాని బంధువు సోనా మసూరి ఆ కాలువల కింద దిగుబడినిచ్చి బెంగళూరు ఇళ్ళలో, అక్కణ్ణుంచి అమెరికా దుకాణాల్లో బస్తాలై చేరాయి. మనుషులతో పాటు వాళ్ళ గింజ కూడా వలస వెళ్ళింది.

భాష సంగతి ఇంకోలా నడిచింది. కెనడాలో మానిటోబా రాష్ట్రం 1916లో బడుల నుంచి ఫ్రెంచి బోధనను తీసేసింది. ఇంట్లో, చర్చిలో దాచుకున్నవాళ్ళకే భాష మిగిలింది. క్యాంపుల్లో తెలుగును ఎవరూ నిషేధించలేదు. పిల్లలు కన్నడ బడికి వెళ్ళారు, వెళ్ళాల్సిందే. ఇంట్లో తెలుగు. పెళ్ళి సంబంధాలకు గుడివాడ, తెనాలి వైపు చూపు. సినిమా తెలుగు, పాట తెలుగు. మా బావ కూతురు గుక్క తిప్పుకోకుండా తెలుగు మాట్లాడుతుంది. నేను తెలుగులో మెసేజ్ పెడితే మాత్రం "మామయ్యా, వాయిస్ పెట్టు" అంటుంది. రెండు లిపులూ అక్కాచెల్లెళ్ళే గనుక కొన్ని అక్షరాలు కూడబలుక్కుంటుంది, అంతే. దానికి ఆమెను తప్పుపట్టను. వారానికి ఒక గంట తెలుగు అక్షరం నేర్పే మనిషిని ఆ ఊళ్ళకు పంపాలన్న ఆలోచన ఇటువైపు ఎవరికి వచ్చింది? అమెరికాలో తెలుగు బడులకు పుస్తకాలు పంపే మనం, ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్న పిల్లల్ని లెక్కలోకి తీసుకోలేదు.

కెనడా మైదానాల వాళ్ళ దగ్గర మనం తెచ్చుకోవలసిన అలవాటు ఒకటుంది. అల్బర్టా, సస్కాచివన్ రాష్ట్రాలకు 75 ఏళ్ళు నిండిన 1980 ప్రాంతంలో పల్లె పల్లెకూ ఒక చరిత్ర పుస్తకం అచ్చయింది. పండితులు రాసినవి కావు. ఊళ్ళో కుటుంబం కుటుంబం తమ తాత ఏ ఏడు వచ్చాడో, మొదటి ఇల్లు దేనితో కట్టాడో, ఏ చలికి ఎన్ని పశువులు చచ్చాయో రాసి, ఉన్న ఫోటో జోడించి ఇస్తే కూర్చి అచ్చువేశారు. ఫ్రెంచి కుటుంబాల కథలూ అలాగే దక్కాయి. సింధనూరు, గంగావతి తాలూకాల క్యాంపుల్లో తొలితరం దాదాపు వెళ్ళిపోయింది. మా అత్తా లేదు. ఆమె కోడలి దగ్గర అప్పటి భూమి దస్తావేజు ఒకటుంది, ఉర్దూ ముద్రతో, కన్నడ సంతకంతో. అమ్మిన రైతు పేరు, తండ్రి పేరు, ఊరి పేరు అందులో స్పష్టంగా ఉన్నాయి. ఆ కుటుంబం వాళ్ళు ఇప్పటికీ ఆ పక్క ఊళ్ళోనే ఉంటున్నారు. ఎవరైనా ఆ క్యాంపు పుస్తకం రాయడానికి పూనుకుంటే ఆ ఇంటి తలుపు కూడా తట్టాలి. బావకు చెప్పాను. పంట కోతలు కాగానే ఇద్దరం కలిసి వెళదామన్నాడు.